జోడు కుదరని కనుబొమ్మలు

అమ్మా, నేను కులాసా. ఇవాళ్టి నుంచి పార్లర్‌లో కనుబొమ్మల పని నాదే! రంగు వేయించుకోవాలో, సూదితో గీయించుకోవాలో తేల్చుకోలేక వచ్చినవాళ్లంతా తలలు పట్టుకుంటున్నారు. అందుకే నా ఎడమ కనుబొమ్మకు రంగు వేయించుకున్నాను, కుడిదానికి వెంట్రుకల్లాంటి గీతలు గీయించుకున్నాను. "నీ మొహమే మన సైన్‌బోర్డు!" అని మేడమ్ ఒకటే నవ్వు. నొప్పంటావా, చీమ కుట్టినంతే. వంటింటి కుళాయి బాగుచేయించారా? నాన్న మందులు వేసుకుంటున్నారా? జ్వరం తర్వాత కనుబొమ్మలు పలచబడ్డాయని నువ్వు అద్దమే చూడటం లేదట, చెల్లి రాసింది. మేడమ్‌కు చెప్పలేదు గానీ, ఇదంతా నీ కోసమే. ఆదివారం బస్సెక్కి రా, నా మొహం చూసి నీకేది కావాలో చెప్పు. చెల్లికి ముద్దులు. నువ్వొచ్చేదాకా ఈ జోడు కుదరని కనుబొమ్మలతోనే తిరుగుతుంటాను.

నీ పెద్దది