ఒత్తులు కుదిరాయి, అన్నయ్యా

అన్నయ్యా,

నువ్వు బైక్ యాక్సిడెంట్‌లో పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున డాడీ, నేను నీ సమాధి దగ్గర కాసేపు కూర్చుని మల్కాజ్‌గిరిలో మనింటికి వచ్చేశాం.

కంప్యూటర్‌లో తెలుగు ఒత్తులు విడిపోకుండా నువ్వు రాస్తూ సగంలో వదిలేసిన కోడ్ నేను పూర్తి చేశాను. ఎవరైనా బాగుచేసి పంపగలిగే సాఫ్ట్‌వేరే అయినా, దాన్ని మొత్తం నెట్ నుంచి దింపుకుని మనింట్లో కంప్యూటర్‌లో నడిపించడానికే నెలలు పట్టింది. తెర మీద ‘స్త్రీ’ సరిగ్గా కనబడ్డాక, ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లకి నీ పేరుతోనే పంపాను.

సాయంత్రం మెయిల్ వచ్చింది. నీ కోడ్ తీసుకున్నారట. మిగతా తప్పులు కూడా నువ్వే చూస్తావా అని అడిగారు.

నువ్వు లేవని టైప్ చేస్తుంటే డాడీ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇప్పుడే చెప్పకమ్మా. వాళ్ల దగ్గరైనా వాణ్ని కొన్నాళ్లు ఉండనీ."

నీ చెల్లి