ఒక్క మాటకే దొరికిపోయాను

కుప్పం, 12-8-2003

వదినా, నాకు జ్వరం తగ్గింది, దిగులుపడకు.

వారపత్రికకు రాస్తున్న నా యూనివర్సిటీ డిటెక్టివ్ కథల్లో నాలుగోది ముగించాను. అందులో ఒక ప్రొఫెసరు కనబడకుండా పోతాడు. ఆయన శిష్యుడు పోలీసులతో మాటల్లో "సారు కాఫీలో సక్కెర ఏసుకొనేవాడు కాదు" అంటాడు. "ఏసుకోడు" అనకపోవడంతోనే, సారు ఇక లేడని వాడికి ముందే తెలుసునని నా డిటెక్టివ్ పట్టేస్తుంది.

నిన్న మా హాస్టల్ వంటామెకు చదివి వినిపిస్తే, "అంత సిన్న మాటకే దొరికిపోతాడామ్మా?" అంది. నవ్వాను. గదికొచ్చాక నేను నీకు పోయిన కార్డులో రాసింది గుర్తొచ్చింది: "అన్నకు సంగట్లోకి నువ్వు నూరే ఊరిబిండంటే ప్రాణంగా ఉండేది."

అన్న మదనపల్లె మార్కెట్‌యార్డుకని బస్సెక్కి మూడేళ్లయింది. నువ్వు మాత్రం ఈ రోజుకీ "మీయన్నకి ఊరిబిండంటే పానం" అనే అంటావు.

ఆవు ఈనిందా? ఉలవలు ఇప్పుడే పంపొద్దు, పోయినసారివి పురుగు పట్టాయి. ఆ కార్డు తీసి, "ఉండేది" అన్నది నీ చేత్తోనే కొట్టెయ్యి.

పాపకు ముద్దులు. అన్న రాగానే నా నమస్కారాలు చెప్పు.

నీ ఆడబిడ్డ,
నవనీత