నల్లచేని చొప్ప

హగరి ఒడ్డు, మన ఊరు
30-5-2025

మిత్రుడు వీరభద్రప్పకు,

కెంచప్ప దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మా ఇంటిది హనుమమ్మా ఉన్నామంటే ఉన్నాం. నువ్వు అక్కడ ఒంట్లో బాగుండాలని కోరుకుంటున్నాను. జీన్సు ఉతికే యూనిట్‌లో నీతో పనిచేసే మౌనేష్ మొన్న ఊరికొచ్చి, గాంధీనగర్‌లో నీ గది చిరునామా ఇచ్చాడు. పొద్దస్తమానం నీలి నీళ్ళలో నిలబడి నీ కాళ్ళు పాసిపోయాయని కూడా చెప్పాడు.

నాలుగేళ్ళుగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. తప్పు పట్టను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓర్చుకో.

మన ఊళ్ళో ఒంటెద్దు రైతుకు ఇంకో ఒంటెద్దు రైతే దిక్కు. నీ మైలోడు, నా తెల్లోడు పదకొండేళ్ళు ఒకే కాడి మోశాయి. ఎద్దుల పండగ కారుణ్ణిమి నుంచి దీపావళి దాకా నీ కొట్టం, దీపావళి నుంచి మళ్ళీ కారుణ్ణిమి దాకా నా కొట్టం. ఎవరి కొట్టంలో ఉంటే వాళ్ళ మేత. ఆ ఎండాకాలం నువ్వు ఇంటి గోడ కోసం జతను అడిగి తీసుకెళ్ళి రెండు రోజులు ఏటి ఇసుక తోలావు. తర్వాత నెలకు కారుణ్ణిమి వచ్చింది. పొద్దున్నే రంగులు పూద్దామని కాళ్ళు కడిగితే ఎనిమిది కాళ్ళ గిట్టలూ పగిలి ఉన్నాయి. తోక కుచ్చులు ఊడిపోయి ఉన్నాయి.

రచ్చకట్ట మీద నేను లేచి, "కాలే ఇసకలో తోలి గొడ్ల కాళ్ళు తీసినాడు, ఇంగ వీనితో నాకు పొత్తొద్దు" అన్నాను. నువ్వు మైలోడి మెడ మీద చెయ్యి వేసి, "తోలింది రెండు దినాలేనప్పా. అయినా నాదే తప్పేమో" అన్నావు.

నా తెల్లోడిని నేను తోలుకొచ్చాను. వాడు దసరాకు ముందే పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. నీ కొట్టంలో మైలోడు మాత్రం కొత్త గిట్టలు వేసుకుని లేచాడు. దానికి కూడా నేను ఊరుకోలేదు. "వాని ఎద్దుకైతే వైద్యం తెల్సు, నా ఎద్దుకైతే తెల్దు" అని ఊరంతా తిరిగి చెప్పాను. ఇక నీతో ఎవరూ పొత్తు కట్టలేదు. నువ్వు మైలోడిని మఠానికి వదిలేసి బళ్ళారి బస్సు ఎక్కావు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొన్న మాఘంలో వ్యవసాయ కాలేజీ నుంచి రంజిత అనే అమ్మాయి వచ్చింది. మట్టి మీద చదువుతోందట. హగరి స్టేషన్‌లో రైలు దిగి, సంచీ భుజాన వేసుకుని నడిచొచ్చింది. నా నల్లచేనులో, పక్కనే బీడుపడ్డ నీ ఎర్రచేనులో మట్టి తీసుకుంది. నా వామి నుంచి జొన్నచొప్ప, నీ కొట్టం అటకమీద మిగిలిన పాత చొప్ప కూడా రెండేసి పిడికిళ్ళు పట్టుకెళ్ళింది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. బోరు ఎప్పుడు వేశావు, జిప్సం చల్లావా, గొర్రెల మంద కట్టించావా, ఎరువు ఎన్ని బండ్లు తోలావు అని ఒకటే విచారణ.

ఉగాది తర్వాత మళ్ళీ వచ్చి నా అరుగు మీద కూర్చుని చెప్పింది. మట్టిలో సెలీనియం అని ఒకటి ఉంటుందట. పశువుకైనా మనిషికైనా అది చిటికెడంత కావాలి, మోతాదు మించితే వెంట్రుకా గిట్టా నిలవవట. మన రెండు చేన్ల మట్టిలోనూ అది ఇంచుమించు ఒకేలా ఉందట. కానీ నా చొప్పలో ఉన్నది నీ చొప్పలో ఉన్నదానికి పన్నెండింతలు. నేను నమ్మలేదు. "ఒగే గట్టుకు ఆపక్క ఈపక్క ఉండేటివి కదమ్మా, ఒగే ఇత్తనం కదమ్మా" అన్నాను. దానికి ఆ పిల్ల, "మన్నులో ఎంత ఉండాదనేది గాదు అజ్జా, మన్ను ఎంత ఇడుస్తాదనేదే లెక్క" అంది.

నీ ఎర్రమట్టిలో ఇనుప తుప్పు ఉంటుంది కదా, అది సెలీనియాన్ని గట్టిగా పట్టుకుని వేరుకు అందనివ్వదట. నువ్వు ఏటేటా మంద కట్టించి వేసిన ఎరువు కూడా దాన్ని పట్టి ఉంచిందట. నా నల్లచేనుకు ఆ పట్టు లేదు. బోరు నీళ్ళు పారించిన దగ్గర్నుంచి చవుడు పెరిగి, తెల్లటి పొర కట్టింది చూశావూ, అలాంటి మట్టిలో అది నీళ్ళలో కరిగి నేరుగా వేరులోకి పోతుందట. జిప్సం వేసి ఉంటే అందులోని గంధకం వేరులోకి ముందు దూరి దీన్ని కొంత అడ్డుకునేదట. అప్పట్లో వ్యవసాయాఫీసు వాళ్ళు ఊరందరికీ జిప్సం ఇస్తామంటే నేనే, "నా నల్లరేగడికి మందేంది" అని వెనక్కి పంపాను. నీ చేను రాళ్ళపాలని, చొప్ప జానెడే ఎదుగుతుందని ఎగతాళి చేసినవాణ్ణి నేనే. ఆ జానెడు చొప్పే మైలోడిని లేపింది.

మేమూ ఆ జొన్నే తిన్నాం కదా. హనుమమ్మ గోళ్ళు గీతలు పడి విరుగుతున్నాయి, జుట్టు పిడికెడు మిగిలింది. వయసు అనుకున్నాం. "ఆ మన్ను మనల్ని గూడా తినె" అని ఆమె ఒక్క మాట అని, చేట పక్కన పెట్టి కూర్చుండిపోయింది. ఇప్పుడు బయటి జొన్నలు తెచ్చుకుంటున్నాం. చేనుకు జిప్సం వేశాను, చొప్పను పశువులకు పెట్టడం మానేశాను. అన్నీ చేస్తున్నాను గానీ వీరభద్రా, నాకు ఓపిక లేదు. పొద్దున లేచి ఆ చేను ముఖం చూడాలంటేనే అలసటగా ఉంది.

ఇంకో పన్నెండు రోజులకు కారుణ్ణిమి. ఒక్కసారి రా. అదే రచ్చకట్ట మీద, అందరి ముందూ, తప్పు నీది కాదని నేను చెబుతాను. ఆనాడు మనకెవరికీ తెలియదు కదా. మట్టి చేసిన పనికి మనిషిని నిందించాను. నువ్వు ఇప్పుడు ఎద్దును ముట్టుకోవట, దారిలో బండి కనబడితే తల తిప్పుకుంటావట. మౌనేషే చెప్పాడు. ఆ భారం దించుకో. అది నీది కాదు.

ఇట్లు,
నీతో కాడి పంచుకున్నవాడు,
కెంచప్ప

తా.క. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. ఆనాడు ఎవరికీ తెలియదని పైన రాసింది అబద్ధం. సెలీనియం పేరు తెలియదు గానీ, మేతలో దోషం ఉందని నాకు తెలుసు. నువ్వు జతను అడగడానికి పదిరోజుల ముందు నా కొట్టంలో అదే చొప్ప తిన్న ఏడాది దూడ చచ్చిపోయింది. దాని నాలుగు గిట్టలూ అలాగే పగిలాయి, తోక అలాగే బోడిగా ఉంది. నల్లచేనుకు చెడ్డపేరు వస్తుందని, తెల్లవారకముందే గట్టు వెనక నేనే పూడ్చాను. పాము కరిచిందని హనుమమ్మకు చెప్పాను. నువ్వు మైలోడి మీద చెయ్యి వేసి "నాదే తప్పేమో" అన్నప్పుడు నాకు ఆ దూడే గుర్తొచ్చింది. అయినా అవునన్నట్టు తల ఊపాను. అది ఒక్కనాడూ కాడి మోయలేదు వీరభద్రా, ఏటి ఇసుకలో అడుగు పెట్టలేదు.