మారెమ్మ పెళ్లికి ఏసన్న బ్యాండు

ఆదోనిలో కాపురముంటున్న, కీర్తిశేషుడు సిద్దప్ప భార్య మద్దమ్మ అను నేను, సుమారు డెబ్బై ఏళ్ల వయసులో, నా నోటితో చెప్పి రాయించిన మరణశాసనం ఏమనగా: నాకు చదువు రాదు, తెలివి ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. చెవులు రెండూ బాగా పనిచేస్తున్నాయి. ఇది రాయక తప్పదు, ఎందుకంటే ఎమ్మిగనూరు ఏసన్న బ్యాండు నచ్చినవాళ్లకు చెవుడని మా వియ్యంకుడు శేషన్న ఊరంతా చెబుతున్నాడు.

1. పత్తి మిల్లు వెనక ఉన్న నా రెండు గదుల మట్టిమిద్దె నా కొడుకు జయన్నకు చెందవలెను. షరతు ఒకటే. అతని కూతురు మారెమ్మ పెళ్లి ఊరేగింపులో ఏసన్న బ్యాండు వాయించాలి. వేరే బ్యాండును పిలిస్తే మిద్దె నా కూతురు హులిగమ్మకు పోవలెను. పెళ్లి దాకా నేనుంటే ఈ సంగతి నేనే చూసుకుంటాను. లేకుంటే ఈ కాగితం చూసుకుంటుంది.

2. కారణం రాయనక్కరలేదని ఈ కాగితం రాస్తున్న దస్తూరి శ్రీపాదరావు అన్నాడు. రాయమన్నాను. ఏసన్న వాయిస్తే సగం వీధి చెవులు మూసుకుంటుంది, సగం వీధి చిందులేస్తుంది. క్లారినెట్ పాటకంటే ముందు పరుగెత్తుతుందని, డ్రమ్ము ఎవరి మాటా వినదని అంటారు. నిజమే. ఆ పరుగు కోసమే నేనూ మా ఆయనా పిలవని పెళ్లిళ్లకు కూడా పోయి, పందిట్లో అడుగుపెట్టకుండా బ్యాండు పక్కనే నిలబడేవాళ్లం. శేషన్న మెచ్చుకునే బళ్లారి బ్యాండు ఇస్త్రీ చేసిన చొక్కాలాగా వాయిస్తుంది. ఇంటికొచ్చేసరికి ఒక్క ముక్కా గుర్తుండదు.

3. మా ఆయన 1974 మాఘంలో, పెళ్లిళ్ల కాలంలో పోయాడు. చావుకు వాయించిన బ్యాండును మావైపు పెళ్లికి పిలవరు కాబట్టి ఒక్క మేళమూ రాలేదు. ఏసన్న పిలవకుండానే వచ్చాడు. “సిద్దప్పన్న మా పక్కన నిలబడి ఎన్ని పెండ్లిండ్లు ఇన్యాడు. ఈ పొద్దు మేము ఆయన పక్కన నడుస్తాం” అన్నాడు. శ్మశానం దాకా వాయించారు. ఆనాటినుంచి ఆదోనిలో ఒక్క పెళ్లికీ వాళ్లను పిలవలేదు. సావుమేళం అని పేరు పెట్టింది శేషన్నే. ఆ పేరు నా మనవరాలి పెళ్లిలో పోవాలి. ఒకరు పిలిస్తే రెండోవారు పిలుస్తారు. మారెమ్మను అడిగే ఈ షరతు పెట్టాను. “ఆ బ్యాండయితే నేనూ ఎగురుతానవ్వా, పెండ్లికూతురైతే ఏమి” అనింది.

4. నా వెండి కడియాలు హులిగమ్మకు. చిన్నప్పుడు నా కాళ్ల దగ్గర పడుకుని, వాటిని తిప్పుతూ నిద్రపోయేది.

నా పెళ్లి చీర జరీ అంచు విప్పి బ్యాండువాళ్ల ఎర్ర కోట్ల చేతులకు కుట్టించవలెను. ఆ కోట్లకు దారాలు వేలాడుతున్నాయి, పెళ్లికి అట్లా రాకూడదు. జరీ చాలకపోతే డ్రమ్ము కొట్టేవాడికి మొదట కుట్టాలి. అందరూ తిట్టేది అతన్నే.

5. శేషన్నకు ఏమీ ఇవ్వను. సాక్షికి ఆస్తి రాస్తే చెల్లదట. అందుకే ఆయన్ను సాక్షిగా పిలిచాను. సంతకం పెట్టేవాడు మొదటినుంచి కూర్చుని వినాలని కూడా చెప్పాను. వింటున్నాడు.

6. నా శవం ముందు ఏసన్న బ్యాండు వాయించకూడదు. ఇష్టం లేక కాదు. ఈ లోకంలో నాకు అంతకంటే ఇష్టమైనది లేదు. కానీ మళ్లీ చావుకు వాయిస్తే మళ్లీ పెళ్లిళ్లు పోతాయి. ఏసన్న నా మాట వింటాడన్న నమ్మకం లేదు. కాబట్టి ఆ రోజు అతని క్లారినెట్‌ను హులిగమ్మ పెట్టెలో పెట్టి తాళం వేయవలెను. ఏసన్న వట్టి చేతులతో నా పక్కన నడవవచ్చు. మోయడానికి ఒక భుజం ఇస్తానంటే ఎవరూ అడ్డు చెప్పకూడదు.

పైదంతా శ్రీపాదరావు రెండుసార్లు చదవగా విని, ఒక్క మాటా మార్చే పని లేదని ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాను.

ఆదోని, 1981 ఫిబ్రవరి 11.

మద్దమ్మ నిశాని

దస్తూరి: శ్రీపాదరావు

సాక్షులు:
ఉరుకుందప్ప వ్రాలు
శేషన్న వ్రాలు. మద్దమ్మ వేలిముద్రకు మాత్రమే సాక్షిని, ఆ బ్యాండుకు కాదు.