నాయన బుగ్గచుక్క

1979 నవంబరు 26, సోమవారం
ఈరోజు నాయన కట్టిన మాలలో చామంతుల మధ్య ఎండుటాకు, ఆయన కంటికి ఆనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి తిరుచానూరు గుడికి పూలు కడుతున్న మనిషి. పూలగది పెద్దాయన తిట్టలేదట. “ఈ ధనుర్మాసానికి ఇంట్లోనే ఉండప్పా, పిల్లోళ్లు కడతార్లే” అన్నాడట. తిట్టి ఉంటే నయం. నాయన అన్నం ముట్టలేదు.

నవంబరు 28
కంటి నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. డాక్టరు చెప్పిన మొత్తం విని, మర్యాదగా నవ్వి, బయటికి వచ్చేశాను. మా ప్రైవేటు బడిలో జీతమే రెండు విడతలుగా ఇస్తారు, ఇంక నాయన వైద్యానికి ఎవరిస్తారు.

నవంబరు 29
బడి ఆయా చెప్పింది — “సత్రంలో కంటి డాక్టర్లు దిగుతారంట టీచరమ్మా. ఆపరేషన్ ఊరికేనే సేస్తారంట.” ఆయాకి దండం పెట్టినంత పని చేశాను.

డిసెంబరు 1, శనివారం
సత్రం నిండా జనం. నర్సు టార్చి వేసి చూసింది. రెండు కళ్లలోనూ శుక్లమేనట, ఎడమది బాగా ముదిరిందట. రేపే ఆపరేషన్. కోయాల్సిన కన్ను ఏదో తెలియడానికి ఎడమ కనుబొమ్మ పైన ఊదా సిరాతో గుర్తు పెట్టింది. “తలంటి పోసుకోని రా తాతా, మళ్లా శానా రోజులు తల తడపకూడదు.”
వస్తూ వస్తూ, సంతోషం పట్టలేక, అమ్మకి మూరెడు మల్లెలు కొన్నాను. పూలు కట్టేవాళ్ల ఇంటికి పూలు కొనుక్కుపోవడం... “మతి పోయిందా నీకు” అంది. పెట్టుకుంది మాత్రం.

డిసెంబరు 2
నాయన చెప్పిన మాట వినే మనిషి. అదే కొంప ముంచింది. కుంకుడురసంతో తలంటుకుని, నుదురు రుద్ది రుద్ది కడిగి, నిండుగా నామం దిద్దుకుని కూర్చున్నాడు. కన్ను కనిపించకపోయినా ఆ గీత వంకర పోదు.
మా వంతు వచ్చింది. కాంపౌండరు — “గుర్తు యాడ పెద్దాయనా?”
గుర్తు ఎక్కడిది, కుంకుడు నురగలో పోయింది.
“గుర్తు లేనోళ్లు పక్కకి రాండి. వచ్చే క్యాంపుకి సూద్దాం.”
వచ్చే క్యాంపు ఎప్పుడో వాళ్లకే తెలియదు. అందరి ముందూ నాయన మీద అరిచాను. ఆయన మాత్రం నింపాదిగా — “నామం లేకుండా యాడికి పోయినాను పాపా నేను, ఈడికి వచ్చేదానికి?”
గొడవ విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. రెండు కళ్లూ మళ్లీ చూసింది. సిరాపుల్ల తీసింది, నుదుటి దాకా తెచ్చింది, ఆగింది. “మీ నామం నేను ముట్టను సామీ” అని ఎడమ బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది.
అచ్చం పెళ్లికొడుకు బుగ్గచుక్క. లైనంతా నవ్వు. “పెండ్లికూతురు యాడుండాది?” అన్నారెవరో. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.
సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది. హమ్మయ్య.

డిసెంబరు 4
తలకి అటూ ఇటూ ఇసుక సంచులు. కదలకూడదు, నవ్వకూడదు. పక్క మంచం ఆయన ఊరుకోడు — “పెండ్లికొడకా, జావ తాగినావా?”

డిసెంబరు 6
చూపు వస్తుందా... అడగడానికే భయం.

డిసెంబరు 9, ఆదివారం
కట్టు విప్పారు. దళసరి అద్దాలు పెట్టారు. కిటికీని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత అమ్మని... చాలాసేపు.
“ఏమే, తల ఎప్పుడు నెరిసిందే నీకు? నాతో ఒక్క మాటన్నా సెప్పలేదే.”
“మిమ్మల్ని అడిగి నెరవాల్నా?”
ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఇంత సంతోషం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

డిసెంబరు 11
ఇంట్లో ఉన్నాం. అమ్మ కాఫీ ఇస్తే నాయన గ్లాసు అందుకోలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.
“వెలుతురులోకి రా. కుడి కంట్లో ఏందే అది, తెల్లగా?”
“పొయ్యి పొగ.”
“పొగ కాదు. అదేందో నాకు తెలీదా?”
చివరికి ఒప్పుకుంది. చాన్నాళ్లుగా ఉందట, రెండో కన్నూ మసకేనట. “ఇద్దరికీ కనపడదంటే పాప ఏం కావాల?” అంది. ఇన్నాళ్లూ నాయనను చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి.
నాయన లేచాడు, వచ్చే క్యాంపు ఎప్పుడో ఇప్పుడే కనుక్కొస్తాడట. అమ్మ ససేమిరా రానంటోంది. ఆయన వంగకూడదు కదా, అమ్మే వంగి, గుమ్మం దగ్గర తడిమి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది. ఒకటి నాయనది, ఒకటి నాది.
నాయన కిందికి చూశాడు. ఆ రెండూ అలాగే తొడుక్కుని సత్రం వైపు పోయాడు.
ఇంకా రాలేదు.