అడగని ఓట్లు

రాయికల్, ఆదివారం.

ఈరోజు మీ వర్ధంతి. మీ పార్టీ నాయకుడు ఓట్లడుగుతూ వచ్చి, మన దళితవాడలో ఆగకుండానే వెళ్లిపోయాడు. అందుకే రాస్తున్నాను. "వీళ్లు మనోళ్లే, యాడికి పోతరు" అన్నాడట.

అమెరికా నల్లజాతి ఓటర్ల గురించి చదువుతున్న మన మనవరాలు నవ్వింది. "గక్కడ గూడ గిదే పంచాయితీ నానమ్మా. ఒక పార్టీ ఎట్లయినా మనకే ఏస్తరంటది, ఇంకోటి ఎట్లయినా ఎయ్యరంటది. గాని వాళ్ల తాతల కాలంల ఓ పార్టీని ఇడిసి ఇంకోదానికి పోయిండ్రు."

మిమ్మల్ని సమాధి చేయడానికి మోకాలిలోతు బురదలో మోసుకెళ్లిన బొందలగడ్డ దారి ఇంకా అలాగే ఉంది.

ఇక జరగవలసినవి:

1. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక రెండు పార్టీల వాళ్లనూ పిలవాలి.
2. కుర్చీలు వేయకుండా, వాళ్ల తెల్లబట్టలతోనే బొందలగడ్డ దాకా నడిపించాలి.
3. ఓటు ఎవరికన్నది ఆ నడక తర్వాతే తేలాలి. అది మీ పార్టీకి కాకపోయినా మీరు కోప్పడకూడదు.