కోర్టు వరండాలో జొన్నరొట్టె

చిన్నోడా,

నిన్ను గుద్దిన లారీ డ్రైవరుకు ఈరోజు నంద్యాల కోర్టులో శిక్ష పడింది. తీర్పయ్యాక వరండాలో పోలీసు పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. నీ వయసే.

"తిన్యావా అప్పా?" అని అడిగేశాను. రోజూ నిన్నడిగే మాట. లేదన్నాడు. మా సద్దిలోంచి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టాను.

"కొడుకును చంపినోడికి పెడ్తాండావే, బుద్ధుందా నీకు?" అని మీ నాయన ఆళ్లగడ్డ చేరేదాకా తిట్టాడు.

బొమ్మలు చెక్కేటప్పుడు నువ్వనేవాడివి, "ఉలి జారి రాయి పెచ్చులేస్తే, ఎంత తిట్టుకున్యా అతకదమ్మా" అని. ఆ మాటే గుర్తొచ్చింది. అయినా శిక్ష వేసేది కోర్టు, క్షమించాల్సింది నువ్వు. మధ్యలో నేనెవరిని? నీ మాట అడ్డం పెట్టుకుని నీకే అన్యాయం చేశానేమో.

ఇంటికొచ్చి నీకూ రొట్టె కాల్చి పటం ముందు పెట్టాను. చల్లారకముందే కడుపునిండా తిను నాయనా.